రీఫ్ ట్యాంక్‌లో కాల్షియం, ఆల్కలినిటీ నిలబడట్లేదా? ఖరీదైన సీసాలు కొనేముందు ఇవి చూస్కోండి

రీఫ్ ట్యాంక్ అంటే కోరల్స్ (పగడాలు) పెంచే ఉప్పునీళ్ల అక్వేరియం. కోరల్స్ పెరగడం ఆగిపోయిందని షాపుకెళ్తే నాలుగు రకాల సీసాలు చేతిలో పెడతారు. వాటిలో మెయిన్‌గా ఉండేవి మూడే, కాల్షియం క్లోరైడ్, వంట సోడా లాంటి బైకార్బొనేట్ లేదా కార్బొనేట్ ఒకటి, మెగ్నీషియం ఉప్పు, మిగతాదంతా నీళ్లే. డల్లాస్‌లో మా 75 గ్యాలన్ల ట్యాంక్‌కి నేను పొడులే కొని కలుపుకుంటున్నా, కోరల్స్ బాగానే ఉన్నాయి. ఇండియాలో ఉన్నవాళ్లకి ఒక మాట, గట్టి కోరల్స్ అక్కడ 1972 వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, ఇంట్లో పెట్టుకునే ఆలోచన వద్దు.

అన్నీ ఒకేసారి తక్కువ చూపిస్తున్నాయి

కాల్షియం 370 పీపీఎం (దాదాపు లీటరుకి అన్ని మిల్లీగ్రాములు), మెగ్నీషియం 1140, ఆల్కలినిటీ (నీళ్లలో కరిగిన కార్బొనేట్, బైకార్బొనేట్ మోతాదు) కూడా కిందకే. ఇలా వస్తే ఏ పొడీ కొనకండి, ముందు నీళ్లలో ఉప్పు ఎంతుందో చూడండి. సముద్రం నీళ్లు 35 పీపీటీ (కిలో నీళ్లలో 35 గ్రాముల ఉప్పు) దగ్గర కాల్షియం సుమారు 420, మెగ్నీషియం 1290 ఉంటాయి, అదే నీళ్లు 31కి పల్చబడితే సరిగ్గా పైన రాసిన అంకెలే వస్తాయి. నాకు ఇదే జరిగింది, రెండు వారాలు మెగ్నీషియం పోస్తూ కూర్చున్నా, తీరా చూస్తే రిఫ్రాక్టోమీటర్‌ని (ఉప్పు కొలిచే పరికరం) ఆర్‌ఓ నీళ్లతో సున్నాకి సెట్ చేశా, అది సున్నా దగ్గర కరెక్టే కానీ 35 దగ్గర తప్పు చూపిస్తోంది. 35 పీపీటీ స్టాండర్డ్ ద్రావణం చిన్న సీసా ఒకటి కొని దానితో సెట్ చెయ్యండి. అన్నిటికంటే ముందు డబ్బు పెట్టాల్సింది దీనికే.

ఆల్కలినిటీ రోజూ పడిపోతోంది, మిగతావి బానే ఉన్నాయి

ఇది రోగం కాదు, కోరల్స్ ఎముక కట్టుకుంటున్నాయని అర్థం. వంట సోడా చాలు, కాస్ట్‌కోలో దొరికే పెద్ద బ్యాగ్ నెలల తరబడి వస్తుంది. 100 లీటర్లకి 3 గ్రాములు వేస్తే 1 డీకేహెచ్ (ఆల్కలినిటీ కొలిచే యూనిట్) పెరుగుతుంది. లీటర్లు లెక్కేసేప్పుడు రాళ్లు, ఇసుక పట్టే చోటు తీసెయ్యండి. 8 నుంచి 9 మధ్య ఉంచండి, రోజుకి 1 కంటే ఎక్కువ పెంచొద్దు. బేకింగ్ పౌడర్ మాత్రం వెయ్యకండి, దాంట్లో పిండి పదార్థం, చాలా రకాల్లో ఫాస్ఫేట్ కూడా ఉంటాయి.

పీహెచ్ కూడా 7.8 దగ్గరే ఆగిపోతుంటే అదే సోడాని ట్రేలో పల్చగా పరిచి ఓవెన్‌లో 150 డిగ్రీల సెల్సియస్‌లో గంట కాల్చండి. 100 గ్రాములు 63కి తగ్గితే పూర్తిగా కార్బొనేట్ అయినట్టు, పీహెచ్‌ని పైకి తెచ్చేది అదే. అప్పుడు డోసు 3 కాదు, 1.9 గ్రాములే.

పోయగానే నీళ్లు పాలలా అవుతున్నాయి, హీటర్ మీద తెల్లగా పెచ్చు కడుతోంది, ఎంత పోసినా అంకె పెరగట్లేదు

ఎక్కువమంది డబ్బులు పోగొట్టుకునేది ఇక్కడే. మీరు పోసిన కాల్షియం, కార్బొనేట్ కలిసి సున్నపురాయి అయిపోయి ఇసుకలో, పంపులో కూర్చుంటున్నాయి. రెండూ ఒకే చోట, ఒకదాని వెంట ఒకటి పోస్తే ఇలా అవుతుంది, కాబట్టి పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, నీళ్లు గట్టిగా కదిలే చోట మెల్లగా పోయండి. అలా పోసినా ఆగకపోతే మెగ్నీషియం టెస్ట్ చెయ్యండి. కొత్తగా పుట్టే సున్నపు స్ఫటికం మీద మెగ్నీషియం అతుక్కుని దాన్ని పెరగనివ్వదు, అది 1200 కిందకి జారితే ఆ కాపలా బలహీనపడుతుంది, అప్పుడు కాల్షియం ఎంత ఖరీదైన బ్రాండ్ పోసినా రాయే అవుతుంది. 100 లీటర్లకి 84 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ వేస్తే 100 పీపీఎం పెరుగుతుంది, రెండు మూడు రోజుల్లో విడతలుగా వెయ్యండి. మెడికల్ షాపులో వాసన కలపని ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) దొరుకుతుంది, చవకే, కానీ ఎప్పుడూ అదే వాడితే సల్ఫేట్ పేరుకుపోతుంది, క్లోరైడ్‌తో పాటు కొంచెం కలపండి చాలు.

భీమవరంలో రొయ్యల చెరువులున్న మా బాబాయి "మా దగ్గర మినరల్ బస్తాలున్నాయిరా, ఎవరైనా వస్తుంటే పంపనా" అన్నాడు. వద్దు బాబాయ్ అన్నా. చెరువు మిక్స్‌లో ఫాస్ఫరస్, రాగి లాంటివి కలిసి ఉండొచ్చు, రాగి కొంచెం ఎక్కువైనా కోరల్స్ తట్టుకోలేవు.

కాల్షియం ఒక్కటే తక్కువ

కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 100 లీటర్లకి 3.7 గ్రాములు వేస్తే 10 పీపీఎం పెరుగుతుంది, అనహైడ్రస్ (నీరు లేని రకం) అయితే 2.8. ఫుడ్ గ్రేడ్ కొనండి, మంచు కరిగించే పొడి ఇంకా చవకే కానీ రంగు, వేరే ఉప్పులు కలిసినవి ఉంటాయి. కలిపేటప్పుడు నీళ్లలో పొడి వెయ్యండి, పొడి మీద నీళ్లు పోస్తే కాలిపోయేంత వేడెక్కుతుంది.

కొమ్మల చివర్లు తెల్లబడి కాలినట్టున్నాయి

ఆల్కలినిటీ 11 దాటి, నైట్రేట్, ఫాస్ఫేట్ దాదాపు సున్నా ఉంటే ఎక్కువగా ఇదే కారణం. డోసింగ్ ఆపి దాన్నంతట దాన్నే దిగనివ్వండి. యాసిడ్ పోసి దించకండి. చేపలకి మేత కొంచెం పెంచండి, చివర్లు మళ్లీ రంగెక్కడానికి కొన్ని వారాలు పడుతుంది, ఈలోపు ఏ కొత్త సీసా తెచ్చి పోయొద్దు.