పాత పెళ్లి క్యాసెట్ కంప్యూటర్‌లోకి ఎక్కించే ముందు ప్లేబ్యాక్ ఎలా చూసుకోవాలి?

వీసీఆర్ బొమ్మను కంప్యూటర్‌లోకి ఎక్కించే క్యాప్చర్ పరికరం కొనేస్తే వీహెచ్‌ఎస్ క్యాసెట్ డిజిటల్ అయిపోయినట్టేనని చాలామంది అనుకుంటారు. అసలు పని అంతకు ముందే ఉంది. టేపు మీద ఉన్నదాన్ని వీసీఆర్ సరిగా చదవకపోతే, ఆ లోటును తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూడ్చలేదు. కొత్త వీసీఆర్లు కూడా ఇక రావు. చివరిదాకా తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016లో ఆపేసింది. కాబట్టి ఉన్న మెషిన్‌ను జాగ్రత్తగా వాడుకోవాలి.

ముందు క్యాసెట్‌ను చూడండి

విశాఖలో టేపుకు పెద్ద శత్రువు సముద్రపు తేమే. క్యాసెట్ కిటికీలోంచి లైటు వేసి చూడండి. చుట్టిన టేపు అంచుల మీద తెల్లటి పొడి, మచ్చలు కనిపిస్తే అది బూజు. అలాంటిదాన్ని వీసీఆర్‌లో పెట్టొద్దు. బూజు లోపల అంటుకుని తర్వాత పెట్టే క్యాసెట్లకూ పాకుతుంది. 2014లో హుద్‌హుద్ తుఫానుకు తడిసిన క్యాసెట్లు ఇంకా అటక మీద ఉంటే, వాటిని ఈ పని బాగా తెలిసినవాళ్లకే ఇవ్వండి.

బాగున్నవాటికి వెన్ను వైపు ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచేయండి. పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా పెళ్లి చెరిగిపోదు.

తర్వాత వీసీఆర్

ఇంట్లో పెళ్లి క్యాసెట్‌తో మొదలుపెట్టకండి. పోయినా బాధలేని పాత సినిమా క్యాసెట్ ఏదైనా వేసి చూడండి. బొమ్మంతా మంచు కురిసినట్టుంటే టేపును చదివే హెడ్‌కు మురికి పట్టి ఉండొచ్చు. ప్లగ్ తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన నూగు రాలని మెత్తటి గుడ్డను హెడ్ ఉండే గుండ్రటి డ్రమ్‌కు ఆనించి పట్టుకుని, డ్రమ్‌ను చేత్తో మెల్లగా తిప్పండి. గుడ్డను పైకీ కిందికీ రుద్దితే హెడ్ విరుగుతుంది. ఇయర్‌బడ్ల దూది పోగులు కూడా చిక్కుకుంటాయి.

ఇప్పుడు అసలు క్యాసెట్

ఏళ్ల తరబడి కదలని టేపు కాబట్టి ముందు చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్లీ రివైండ్ చేయండి. శబ్దం మారినా, కదలిక మందగించినా వెంటనే ఆపండి. తర్వాత మొదట్లో, మధ్యలో, చివర్లో కాసేపు ప్లే చేసి, తెల్ల చారలు పోయేదాకా ట్రాకింగ్ (హెడ్ టేపును సరైన చోట చదివేలా చేసే సర్దుబాటు) సరిచేయండి.

లోపం ఎక్కడుందో తేల్చడమే ఇందులో కీలకం. అదే చోటును రెండుసార్లు ప్లే చేయండి. గీత రెండుసార్లూ అక్కడే వస్తే అది చాలావరకు టేపు దెబ్బే. వేరే క్యాసెట్లలోనూ వస్తే వీసీఆర్‌ను అనుమానించండి. టీవీలో బాగుండి కంప్యూటర్‌లో మాత్రమే చెడితే కేబుల్, క్యాప్చర్ పరికరం చూడాలి. పందిరి రాటల్లా నిటారుగా ఉండాల్సినవి బొమ్మ పైభాగంలో వంగిపోతుంటే, ఆ వంకర సరిచేసే టైమ్ బేస్ కరెక్టర్ అనే పరికరం కావాలి. బొమ్మ అడుగున సన్నగా కదిలే చెత్త పట్టీ చూసి మాత్రం టెన్షన్ పడకండి. అది వీహెచ్‌ఎస్‌కు మామూలే. పాత టీవీలు దాన్ని అంచు వెనక దాచేసేవి.

అమెరికా బంధువులు పంపిన క్యాసెట్ అయితే అది అక్కడి వీడియో పద్ధతి ఎన్టీఎస్‌సీలో ఉండొచ్చు. మన దగ్గరి పాల్ పద్ధతి వీసీఆర్ దాన్ని ఆడిస్తుందో లేదో ముందే చూసుకోండి.

శబ్దానికి గట్టిమేళమే పరీక్ష

తాళి కట్టే ఘట్టం దగ్గర డోలు, సన్నాయి ఒక్కసారిగా హోరెత్తుతాయి. క్యాప్చర్‌కు శబ్దం స్థాయిని అక్కడ పెట్టుకోండి. మంత్రాల దగ్గర పెట్టుకుంటే మేళం మొదలవగానే పగిలిపోతుంది. వీసీఆర్‌కు నేరుగా హెడ్‌ఫోన్స్ పెట్టి విన్నప్పుడే పగిలి ఉంటే అది అప్పటి రికార్డింగ్ లోపం, వదిలేయండి. హైఫై (స్టీరియో శబ్దం ఇచ్చే) వీసీఆర్‌లో బుర్రుమని మోత వస్తుంటే ఆడియోను మోనోకు మార్చి చూడండి.

క్యాప్చర్ చేశాక

పాల్ క్యాసెట్‌కు 720×576, సెకనుకు 25 ఫ్రేములు, 4:3 ఆకారం. తెర నిండాలని 16:9కు సాగదీస్తే పెళ్లికూతురి ముఖం గుమ్మడికాయవుతుంది. చేతులు ఊపినప్పుడు అంచుల్లో అడ్డగీతలు కనిపిస్తే ఇంటర్‌లేసింగ్ (ఒక్కో ఫ్రేమును రెండు విడతల గీతలుగా రికార్డు చేసే పద్ధతి) అని అర్థం. అసలు ఫైల్‌ను అలాగే ఉంచి, చూసుకునే కాపీలో మాత్రమే దాన్ని తీసేయండి.

ఫైల్ చివర్లో డోలు మీద దెబ్బ, దాని మోత కలుస్తున్నాయో లేదో చూడండి. మొదట్లో కలిసి చివర్లో తేడా వస్తే మధ్యలో ఫ్రేములు జారిపోయి ఉంటాయి. మిగతా ప్రోగ్రాములన్నీ మూసేసి మళ్లీ క్యాప్చర్ చేయండి.

క్యాసెట్ మీద తేదీ లేకపోతే ఒక చిన్న ఆధారం ఉంది: విశాఖ బీచ్ రోడ్డు షాట్‌లో కురుసుర జలాంతర్గామి మ్యూజియం కనిపిస్తే, అది 2002కు ముందుది కాదు. ఫైల్ పేరులో ఆ ముక్క రాసుకోండి.