పాత స్లాబు కారుతోందా? పైన వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేసే ముందు కింద తట్టి చూడండి

నెల్లూరు, ప్రకాశం తీరంలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. షాపుల కాంప్లెక్సుల స్లాబు మీద చెమ్మ మచ్చలకు అప్పుడే సుద్దతో గుర్తు పెట్టండి. పని మాత్రం ఎండాకాలంలోనే చేయించండి.

సమస్య: సీలింగుకు చెమ్మ మచ్చ, చుట్టూ తెల్లటి ఉప్పు.
కారణం, పరిష్కారం: ఎండల్లోనూ ఆరకపోతే పైపునో ట్యాంకునో అనుమానించండి. వానకే పెరిగితే పిట్టగోడ అడుగు భాగం, డౌన్‌పైపు నోరు, ఏసీ యూనిట్ల బోల్టు రంధ్రాలు వెతికి మూయించండి.

సమస్య: వాన ఆగి రెండు రోజులైనా నీళ్లు నిలుస్తున్నాయి.
కారణం, పరిష్కారం: వాటం పోయింది. నూరు అడుగులకు కనీసం ఒక అడుగు వాలు రావాలి. పాత ఫ్లోరింగ్ తీయకుండా దానిమీదే మరో పొర పోయొద్దు. రెండంగుళాల సిమెంటు పొర చదరపు మీటరుకు 100 కిలోలు దాటుతుంది, ఆ బరువంతా స్లాబు మీదే పడుతుంది.

సమస్య: ఊచల వెంబడి పగుళ్లు, తుప్పు చారలు, పెచ్చులు.
కారణం: అసలు భయపడాల్సింది దీనికే. గాలిలోని ఉప్పు కాంక్రీటులోకి దిగి ఊచను చేరుతుంది. ఉప్పు బోరునీళ్లతో కలిపిన కాంక్రీటైతే ఉప్పు మొదటిరోజే లోపల ఉన్నట్టు. తుప్పు ఇనుముకన్నా రెండు నుంచి ఆరింతలు ఉబ్బి కవరింగును, అంటే ఊచను కప్పి ఉన్న కాంక్రీటు పొరను, తోసేస్తుంది. కావలిలో నేను చూసిన ఒక కాంప్లెక్సు పైన కొత్త కోటింగ్ నిగనిగలాడుతోంది. కింద సుత్తితో తడితే రెండు షాపుల మేర డొల్ల శబ్దం, అంటే లోపల కాంక్రీటు ఊడి విడిపోయినట్టు. ఒకచోట పెచ్చు లాగితే కవరింగ్ అరంగుళం కూడా లేదు, ఊచ గోటికి పొరలు పొరలుగా రాలింది.
పరిష్కారం: ముందు కింద సపోర్టులు పెట్టించండి. డొల్ల ఉన్నంత మేరా, ఊచ వెనక వేలు పట్టేదాకా చెక్కించి, తుప్పంతా గీకించి, జింక్ ప్రైమర్ వేసి పాలిమర్ మోర్టార్ నింపించాలి. ఊచ సన్నబడితే కొత్త ఊచ ఎంత, ఎక్కడ అన్నది ఇంజనీరే తేల్చాలి. పైకి కనబడే పెచ్చుకు మాత్రమే అతుకు వేస్తే పక్క కాంక్రీటులో ఉప్పు అలాగే ఉంటుంది, అతుకు అంచునే మళ్లీ తుప్పు మొదలవుతుంది. అందుకే డ్రిల్లు పొడి తీసి ల్యాబులో క్లోరైడ్ (ఉప్పు) పరీక్ష చేయించండి. కాంక్రీటులో క్షారగుణం ఉందో లేదో చూపే ఫినాఫ్తలీన్ అనే రసాయనం చల్లితే గులాబీ రంగు వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండకండి, అది ఉప్పు సంగతి చెప్పదు.

సమస్య: కోటింగుకు బుడగలు.
కారణం, పరిష్కారం: తడి స్లాబు మీద వేశారు. బుడగలు వచ్చిన మేర కోటింగ్ కోసి తీసేసి స్లాబును ఆరనివ్వండి. ఒక పాలిథిన్ షీటు అంచులు టేపుతో అతికించి రాత్రంతా ఉంచండి. తెల్లారి లోపల నీటిచుక్కలు కనబడితే ఇంకొన్నాళ్లు ఆగాలి.