వాన వెలిసినా ఏరు వస్తుంది: వంశధార, నాగావళి ఒడ్డు ఊళ్లకు జాగ్రత్తలు

తుఫాను తీరం దాటి, ఎండ కాసి, 'హమ్మయ్య, గండం గడిచింది' అనుకునే రోజే మన శ్రీకాకుళంలో అసలు భయపడాల్సిన రోజు. వంశధార, నాగావళి రెండూ ఒడిశా కొండల్లో పుట్టి వస్తాయి. వంశధార ఎగువన కురిసిన వాన గుణుపురం, కాశీనగర్ మీదుగా గొట్టా బ్యారేజీకి చేరేసరికి మన ఇళ్లలో గొడుగులు ఆరిపోయి ఉంటాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరం దాటాక వంశధార పొంగింది. అందుకే మబ్బు చూసి కాదు, ఎగువ కబురు విని కదలాలి.

'గొట్టా దగ్గర లక్ష క్యూసెక్కులు' అని టీవీలో చెబితే చాలామందికి అదొక అంకె. క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లు. అంటే సెకనుకు 28 లక్షల లీటర్లు. అయినా ఆ నీరు మీ వీధిలోకి వస్తుందో రాదో అంకె ఒక్కటే చెప్పలేదు. కిందటి వరదకి రామమందిరం మెట్లలో ఎన్నో మెట్టు మునిగిందో పెద్దవాళ్లనడిగి, అక్కడ రంగుతో గీత గీయండి. ఆ రోజు ఎన్ని క్యూసెక్కులు వదిలారో తెలిస్తే పక్కనే రాయండి. నాగావళి వాళ్లకి తోటపల్లి బ్యారేజీ నుంచి వదిలే నీరు లెక్క. కళింగపట్నం వైపు వాళ్లు మాత్రం గీతని పూర్తిగా నమ్మొద్దు. సముద్రం పోటు మీద ఉంటే ఏటి నీరు త్వరగా దిగదు.

ఇంకో సంగతి చాలామంది మర్చిపోతారు. ఏరు నిండుగా ఉంటే అందులో కలిసే గెడ్డలు, అంటే వాగులు, వెనక్కి తంతాయి. ఊళ్లోకి నీరు రాకముందే కల్వర్టు మునిగి దారి పోతుంది, 108 కూడా రాలేదు. కాబట్టి నెలలు నిండిన ఆడవాళ్లని, డయాలసిస్ వాళ్లని, మంచం మీదున్న ముసలివాళ్లని మొదటి ప్రమాద హెచ్చరికకే పంపేయండి. రెండోదాకా ఆగొద్దు.

పొలం మోటారు, స్టార్టర్ డబ్బా విప్పి తెచ్చుకోండి. పశువుల్ని మెట్టకి తోలండి. టైం లేకపోతే పలుపులు విప్పేయండి, కట్టి మాత్రం వదలొద్దు. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, మందులు ఒకే ప్లాస్టిక్ సంచిలో. మోకాలి లోతే కదా అని పారే నీటిలో బండి దింపొద్దు.

నీరు తీశాక పశువుల సాలలోకి కర్రతో చప్పుడు చేస్తూ వెళ్లండి, పాములుంటాయి. బావి నీరు క్లోరిన్ వేశాకే వాడండి. గోడ తడిగా ఉన్నంతసేపు స్విచ్ ముట్టుకోవద్దు.

సాయానికి 112 లేదా 1070. హెచ్చరిక ఉన్న రోజుల్లో పడుకునే ముందు ఫోన్ సైలెంట్ తీసేయండి.