వాన లెక్కలు కలవడం లేదా? ఒడిశా సరిహద్దు ఊళ్ళ నుంచి వర్షపాతం సేకరించేవారికి సమస్యలు – పరిష్కారాలు

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ వైపు వాన పడ్డ మర్నాడు ఫోన్లో వచ్చే కబుర్లు రెండు రకాలు. ఒకటి, "మా ఊళ్ళో వాన దంచీసింది". రెండోది, "42". మొదటిది నిజమే గానీ లెక్కకు రాదు. రెండోది లెక్కలాగే కనిపిస్తుంది, కానీ ఆ 42 మిల్లీమీటర్లా మరొకటా, ఏ పూట నుంచి ఏ పూట వరకు, దేనితో కొలిచారు అన్నది తెలిసేదాకా దాన్నీ పుస్తకంలోకి ఎక్కించలేం.

బ్లాకు కేంద్రంలో వాన కొలిచే సర్కారు రెయిన్‌గేజి ఉంటుంది కదా, మళ్ళీ మనకెందుకీ తంటా అనేవాళ్ళున్నారు. ఆ గేజి ఉన్నచోట పడ్డ వాననే చెబుతుంది, కొండ అవతలి సవర ఊళ్ళో పడింది చెప్పలేదు. వంశధార, నాగావళి, మహేంద్రతనయ మూడూ ఒడిశా కొండల్లో పుట్టి శ్రీకాకుళం తీరాన సముద్రంలో కలిసేవే. పైన ఎంత పడిందో తెలిస్తే వంశధార మీది గొట్టా బ్యారేజి దిగువ ఊళ్ళకు ముందుగా ఒక అంచనా దొరుకుతుంది. 1997 జులైలో అమెరికాలోని ఫోర్ట్ కాలిన్స్ పట్టణాన్ని వరద ముంచినప్పుడు ఊరికి ఒక మూల కుంభవృష్టి, ఇంకో మూల అందులో చిన్న వంతు. ఆ తేడా చూశాకే 1998లో అక్కడ ఇంటింటి పరిశీలకుల బృందం మొదలైంది. వాళ్ళు వానతోపాటు వడగళ్ళనీ, చలికాలంలో పేరుకున్న మంచు లోతునీ కొలిచి పంపుతారు. మనకు మంచు లోతు కొలిచే అవసరం లేదు. మిగతా తిప్పలన్నీ అవే.

ఒక్క నియమం ముందే పెట్టుకోండి. వచ్చిన అంకె ఎంత వింతగా ఉన్నా మీ పుస్తకంలో మీరే దిద్దొద్దు. పంపినవాళ్ళకు ఫోన్ చేసి అడగండి. కింద చెప్పే కారణాలన్నీ అలా అడిగితేనే బయటపడతాయి.

సమస్య: పక్కపక్క ఊళ్ళ లెక్కలు సగానికి సగం తేడా

ముందు చూడాల్సింది ఈ తేడా ఒక్కరోజుదా, రోజూ ఉండేదా అని. ఒక్కరోజుదైతే అది మబ్బు చేసిన పని, అలాగే వదిలేయండి. మహేంద్రగిరి చుట్టుపక్కల కొండకు గాలి తగిలే వైపు ఒక వాన, వెనక వైపు ఇంకో వాన. రోజూ అదే నిష్పత్తిలో ఉంటే అది గేజి చేసిన పని. రెండు ఊళ్ళకూ నెల మొత్తం కూడితే తేలిపోతుంది.

రోజూ సరిగ్గా రెట్టింపో సగమో వస్తుంటే కొలత గ్లాసు మారిందని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు. గేజి మూతిలో పడ్డ వాన గరాటు గుండా లోపలి సీసాలో చేరుతుంది, ఆ నీళ్ళను గీతల గ్లాసులో పోసి కొలుస్తాం. మన దగ్గర వాడే ఫైబర్ గేజీల్లో రెండు రకాల మూతులుంటాయి, 200 చదరపు సెంటీమీటర్లది, 100ది. దేని గ్లాసు దానిదే. పెద్ద గేజిలో ఒక మిల్లీమీటరు వాన అంటే 20 మిల్లీలీటర్ల నీరు, చిన్నదాంట్లో 10. పెద్ద గేజి నీళ్ళు చిన్న గ్లాసుతో కొలిస్తే వాన రెట్టింపవుతుంది, తిరగేస్తే సగమవుతుంది. గ్లాసు పగిలితే పక్క ఊరి బడి నుంచి అడిగి తెచ్చుకోవడం మనకు మామూలే కాబట్టి ఈ పొరపాటు ఎక్కువ.

పరిష్కారం: స్కేలుతో గేజి మూతి అడ్డంగా కొలవమనండి. సుమారు 16 సెంటీమీటర్లుంటే 200 రకం, 11.3 ఉంటే 100 రకం. గ్లాసు మీద ఏ గేజిదో రాసి లేకపోతే కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా చాలు. సీసా నీళ్ళు తూచి గ్రాములను పెద్ద గేజికి 20తో, చిన్నదానికి 10తో భాగిస్తే మిల్లీమీటర్లు వస్తాయి. పూర్తిగా గ్లాసు లేనివాళ్ళు కూడా ఇలాగే నడిపించుకోవచ్చు. నన్నడిగితే గ్లాసులో గీత చూసి చదివేదానికన్నా కాటాయే నయం.

పాత లెక్కలు పారేయక్కర్లేదు. గ్లాసు ఏ తేదీన మారిందో కచ్చితంగా చెప్పగలిగితే అప్పటి నుంచి వచ్చిన అంకెల పక్కన సవరణ రాయండి, అసలు అంకె కొట్టేయకుండా. తేదీ గుర్తులేదంటే ఆ నెలను పక్కన పెట్టడమే మంచిది.

సమస్య: కురిసింది ఒకరోజు, లెక్కలో కనిపించేది ఇంకోరోజు

వాతావరణ శాఖ లెక్కలో వానకు రోజు అంటే ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా. కొలిచిన రోజు తేదీయే ఆ వానకు తేదీ. మనవాళ్ళలో కొందరు కురిసిన రోజు వేస్తారు, కొందరు కొలిచిన రోజు వేస్తారు. మామూలు జల్లుకి ఇది పట్టించుకునే సంగతి కాదు, తుపానుకి కొంప ముంచుతుంది. తిత్లీనే తీసుకోండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. దాటిన వేళ కురిసిన వాన 11వ తేదీ పొద్దుటి లెక్కలోకి వస్తుంది. ఆ తర్వాత గజపతి కొండల మీద కురిసిందంతా 12వ తేదీ ఖాతాలోకి పోతుంది. ఒక ఊరు ఒకలా, పక్క ఊరు ఇంకోలా రాస్తే వాన ఎటు నుంచి ఎటు కదిలిందో పటం మీద అర్థమే కాదు.

పరిష్కారం: "నిన్నటి వాన" అనే మాట మీ కబుర్లలో నిషేధించండి. "12వ తేదీ పొద్దున 8:30కి చూశాను, ఇంత" అని పంపమనండి. ఆలస్యంగా తొమ్మిదింటికో పదింటికో చూస్తే ఆ టైమే రాయమనండి. 8:30 అని అబద్ధం రాసేదానికన్నా 10:15 అన్న నిజం పనికొస్తుంది.

పెళ్ళికో తీర్థానికో వెళ్ళి వచ్చి మూడు రోజుల నీళ్ళు ఒక్కరోజుకు రాసేయడం దీనికి తోబుట్టువు. చుట్టుపక్కల సున్నాల మధ్య ఒక్క ఊరిలో 70 కనిపించిందంటే ముందు అదే అడగండి: "అక్కా, మొన్న ఊళ్ళో ఉన్నారా?" మూడు రోజుల మొత్తం అని రాసుకుంటే సరి, మూడుతో భాగించి పంచొద్దు.

సమస్య: 7 అంటే ఎంత?

టీవీలో, బులెటిన్లలో భారీ వర్షాల లెక్కలు సెంటీమీటర్లలో వస్తాయి. గేజి గ్లాసు మీద మిల్లీమీటర్లుంటాయి. రైతులు ఈ రెండూ కాకుండా నేలలో ఎంత లోతు తడిసిందో చెబుతారు, జానెడు పదును అని. పదును కబురు పుస్తకంలో విడిగా ఒక గడిలో రాసుకోండి, విత్తనం వేసేవాళ్ళకు అదే కావాలి. కానీ దాన్ని మిల్లీమీటర్లలోకి మార్చొద్దు. ఇసుక నేలలో ఇంకినట్టు రేగడిలో ఇంకదు.

అంకెలో దశాంశం తప్పనిసరి చేస్తే సగం గొడవ పోతుంది. 7.0 అన్నా, 70.0 అన్నా అది మిల్లీమీటర్లే. 64.5 నుంచి వాతావరణ శాఖ భాషలో భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. అంత అంకె వచ్చినప్పుడల్లా గ్లాసు ఫోటో అడగండి, కంటికి సమాన ఎత్తులో తీసింది. నీటి అంచు గాజుకు ఎగబాకుతుంది కాబట్టి నడుమ పల్లాన్ని చదవాలి.

రిజిస్టరు పేజీ ఫోటోలు పంపేవాళ్ళ దగ్గర మన ప్రాంతానికే ప్రత్యేకమైన తిప్ప ఒకటుంది. చేత్తో రాసిన ఒడియా నాలుగు, ఒడియా రానివాళ్ళకు 8 లా కనిపిస్తుంది. అనుమానం వస్తే ఫోన్లో చెప్పించుకోండి.

సమస్య: కుండపోత వాన, గేజిలో కొంచెమే

తుపాను రాత్రి అయితే సీసా నిండి పొర్లి ఉంటుంది. పెద్ద గేజిలో నాలుగు లీటర్ల సీసా 200 మిల్లీమీటర్లకే నిండుతుంది. పొర్లిన నీరు బయటి డబ్బాలో నిలుస్తుంది, దాన్ని పారబోయకుండా అదీ కొలిచి కలపాలి. పెద్ద వాన హెచ్చరిక ఉన్న రోజున తెరిపి దొరికినప్పుడు ఒకసారి కొలిచి, టైముతో రాసుకుని, ఖాళీ చేసి పెట్టేయడం ఇంకా మేలు. పొద్దున రెండూ కలిపి పంపొచ్చు.

తుపాను లేకుండానే ఇలా జరిగితే గరాటు చూడండి. మామిడాకు, సాలెగూడు, పిట్ట రెట్ట, ఏదో ఒకటి అడ్డుంటుంది. దీనికి గుర్తు, వాన రోజు తక్కువా, మర్నాడు ఎండలో కూడా కాస్త నీరూ.

సమస్య: ఎప్పుడూ తక్కువే, లేదా ఎప్పుడూ ఎక్కువే

గేజి పెట్టిన చోటు బాగోలేదు. చెట్టుకో గోడకో అవి ఎంత ఎత్తుంటే దానికి కనీసం రెండింతల దూరంలో ఉండాలి, నాలుగింతలైతే ఇంకా మంచిది. మూతి నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో, అటూ ఇటూ వాలకుండా ఉండాలి. సిమెంటు గచ్చు మీద పెడితే చినుకు చిట్లి లోపల పడుతుంది. డాబా మీద పెడితే మేకల బాధ ఉండదు గానీ గాలి చినుకును పక్కకు కొట్టేస్తుంది. నేల మీద పెట్టి చుట్టూ కంప వేసుకోవడమే మార్గం. కంప కూడా గేజికి దూరంగానే వేయాలి సుమా.

సమస్య: వడగళ్ళు పడ్డాయి, ఏం రాయాలి?

ఎండాకాలం గాలివానల్లో, ఒడియావాళ్ళు కాలబైశాఖి అనే వాటిలో, రాయగడ, కోరాపుట్ వైపు వడగళ్ళు పడతాయి. గరాటులో చిక్కిన గళ్ళు కరిగాకే కొలవాలి. తొందరైతే కొలిచిన గోరువెచ్చని నీరు పోసి కరిగించి ఆ పోసినంతా తీసేయండి. మంచు దేశాల్లో గేజిలో పడ్డ మంచుకు చేసేదీ ఇదే. గళ్ళ పరిమాణం రేగుపండంత, నిమ్మకాయంత అని వస్తుంది. కరిగిపోకముందే స్కేలు పక్కన పెట్టి ఫోటో తీయమని ముందే చెప్పి ఉంచాలి, పడ్డాక చెబితే దక్కేది నీళ్ళే.

సమస్య: చూడని ఊరి నుంచి పెద్ద అంకె

"ఫలానా బ్లాకులో 300" అని చేయి మారి వచ్చిన కబురు చాలాసార్లు కొలిచింది కాదు, ముందురోజు వచ్చిన అంచనా. ఎవరు కొలిచారో పేరు దొరకకపోతే రాసుకోవద్దు. ఊరి పేరుతోపాటు పంచాయతీ, బ్లాకు కూడా అడగండి, ఒకే పేరు ఊళ్ళు సరిహద్దుకు రెండు వైపులా ఉన్నాయి. రెండు రాష్ట్రాలూ మావేనంటున్న కొటియా గ్రామాల నుంచి వస్తే మాత్రం రాష్ట్రం గడి ఖాళీగా వదిలేసి ఊరి పేరు రాసుకోండి, ఆ తగువు మనం తీర్చేది కాదు.

సమస్య: కబుర్లు ఆగిపోవడం

వాన లేని రోజు ఏం పంపుతాంలే అనుకుంటారు. సున్నాకూ, చూడకపోవడానికీ తేడా ఉంది. 0.0 వస్తే అక్కడ వాన లేదని తెలుస్తుంది, ఏమీ రాకపోతే ఏమీ తెలియదు. సున్నా పంపినవాళ్ళకు కూడా జవాబివ్వండి, లేకపోతే వారానికే మానేస్తారు.

తుపానులో సిగ్నల్ పోతే కాగితం మీద రోజూ రాసి పెట్టుకోమనండి. వాట్సాప్ కదలని చోట ఒక్కోసారి మామూలు మెసేజి పోతుంది. వారం తర్వాత వచ్చినా తేదీ, టైము ఉంటే అది పూర్తి లెక్కే.

బడుల్లో పెట్టిన గేజీల సంగతి వేరు. పూజ సెలవులకు మాస్టార్లు సొంత ఊళ్ళకు పోతారు, ఆ నెలే మనకు తుపాన్ల నెల. ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014లో అదే తేదీన, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి. కాబట్టి ప్రతి బడి గేజికీ ఆ ఊళ్ళోనే ఉండే రెండో మనిషి కావాలి: వంటమ్మో, బడి పక్కింటి తాతో, తొమ్మిదో తరగతి పిల్లో. సెలవులకు ముందే వాళ్ళచేత నాలుగు పూటలు కొలిపించి, గ్లాసు ఎక్కడ ఉంటుందో చూపించి, మీ నంబరు గేజి డబ్బా మీదే పెయింటుతో రాయించండి.