సెమిస్టర్‌కి ఒక్క తప్పు: కాలేజీ సిబ్బంది కలిసి బోధనను సరిచేసుకునే పద్ధతి

బ్యానర్ కట్టి, జ్యోతి వెలిగించి, రిసోర్స్ పర్సన్‌కి శాలువా కప్పి, మధ్యాహ్నం దాకా స్లైడ్లు చూపించి సర్టిఫికెట్లు పంచితే ఎఫ్‌డీపీ (లెక్చరర్ల శిక్షణ కార్యక్రమం) అయిపోయినట్టే. ఆ సర్టిఫికెట్ ప్రమోషన్ ఫైల్లో పనికొస్తుంది, కాదనలేం. సోమవారం క్లాసులో ఏం మార్చుకోవాలో మాత్రం అందులో ఉండదు. హనుమకొండ, నర్సంపేట, జనగామ, ఎక్కడి డిగ్రీ కాలేజీలోనైనా పైసా ఖర్చు లేకుండా చేసుకోగలిగిన పని ఒకటుంది. పిల్లలు చేసే ఒక్క తప్పును పట్టుకుని సెమిస్టరంతా దాని వెంటే పడడం.

జట్టుకి ఆరు నుంచి ఎనిమిది మంది చాలు. అందరూ లెక్చరర్లే అయితే సగం సంగతి తెలియదు. బ్యూరెట్ (ద్రావణం కొలిచే గాజు గొట్టం) రీడింగ్‌ను పిల్లలు ద్రవం ఒంపు కింది అంచు దగ్గర చూస్తున్నారా, పై అంచు దగ్గరా అన్నది ల్యాబ్ అటెండర్ రోజూ చూస్తాడు. ఈపాస్ స్కాలర్‌షిప్ కాగితాల కోసం ఏ పీరియడ్‌లో క్లాసు ఖాళీ అవుతుందో ఆఫీసు క్లర్క్‌కి తెలుసు. అటెండెన్స్ రిజిస్టర్ పక్కన పెట్టుకుని చూస్తే కష్టమైన పాఠం సరిగ్గా ఆ వారంలోనే పడిందని తేలవచ్చు. అప్పుడు మార్చాల్సింది పాఠం కాదు, ఆఫీసులో స్కాలర్‌షిప్ కౌంటర్ టైము.

రెండు వారాలకోసారి, 75 నిమిషాల చొప్పున ఆరు సార్లు కూర్చోండి. తేదీలు మొదటి రోజే ఖాయం చేయాలి. బతుకమ్మ, దసరా సెలవులకు ముందు వారం పెట్టుకోవద్దు. మేడారం జాతర ఉన్న ఏడు ఆ వారాన్నీ వదిలేయండి, బస్సులన్నీ అటే పోతాయి.

జవాబు పత్రాలతో మొదలు

మొదటి సమావేశానికి పోయిన సెమిస్టర్ ఇంటర్నల్ పేపర్లు ఇరవై తెచ్చుకోండి, పేర్లు కనిపించకుండా మడిచి. ఒక్క ప్రశ్నకే పరిమితం కావాలి. మార్కులు చూడొద్దు. తప్పులను రకాల వారీగా కుప్పలు పోయండి. ‘చదవలేదు’ అనే కుప్ప పెట్టకూడదు. అది పెడితే పది నిమిషాల్లో అన్ని పేపర్లూ అందులోకే చేరతాయి.

బీకాం మొదటి సెమిస్టర్ సంగతే చూడండి. 5,000 రూపాయల సరుకు నగదుకి అమ్మారు, జర్నల్ ఎంట్రీ (ఏ ఖాతా డెబిట్, ఏది క్రెడిట్ అన్న నమోదు) రాయమంటే చాలామంది నగదు ఖాతాను క్రెడిట్ చేస్తారు. సూత్రం బట్టీ పట్టనందుకు కాదు. ఫోనుకి బ్యాంకు మెసేజ్ వస్తుంది, ‘మీ ఖాతాకు 2,000 క్రెడిట్ అయింది’ అని. ఇంట్లో జమాఖర్చుల పుస్తకంలో వచ్చిన డబ్బు జమ కిందే రాస్తారు. జమ అంటే క్రెడిట్ అనే డిక్షనరీలోనూ ఉంటుంది. కాబట్టి వచ్చిన డబ్బు క్రెడిట్ అనుకోవడంలో పిల్లవాడి తర్కం సరిగ్గానే ఉంది, చూస్తున్న పుస్తకమే వేరు. బ్యాంకు తన పుస్తకంలో మనకు బాకీ ఉన్నట్టు రాసుకుంటుంది, అందుకే అది క్రెడిట్. దుకాణం తన పుస్తకంలో నగదు పెరిగిందని డెబిట్ రాయాలి. ఇది తెలియకుండా సూత్రాన్ని పదిసార్లు చెప్పినా లాభం లేదు.

ఇలా తప్పు వెనకున్న ఆలోచనను ఒక వాక్యంలో రాయగలిగితే మొదటి సమావేశం పని అయిపోయినట్టే.

క్లాసులో ఒక ప్రశ్న

రెండో సమావేశంలో ఆ తప్పును బయటపెట్టే ప్రశ్న ఒకటి తయారు చేయండి. మూడు నాలుగు ఆప్షన్లు ఉండాలి, పిల్లలు నిజంగా రాసే తప్పు అందులో ఒకటి కావాలి. క్లాసులో ఒక నిమిషం ఒంటరిగా ఆలోచించనిచ్చి, ఛాతీ దగ్గర వేళ్లతో జవాబు చూపించమనండి. చేతులు పైకెత్తమంటే ముందు బెంచీని చూసి వెనక బెంచీ ఎత్తుతుంది. 70 శాతం మించి సరిగ్గా చెబితే ముందుకు పొండి. 30 శాతం కూడా రాకపోతే మళ్లీ వివరించాలి. మధ్యలో ఉంటే జవాబు చెప్పకుండా రెండు నిమిషాలు పక్కవాళ్లతో మాట్లాడుకోనిచ్చి, మళ్లీ వేళ్లు చూపించమనాలి. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ 1991 నుంచి ఫిజిక్స్ క్లాసులో నడిపిన పద్ధతే ఇది.

ఆ రెండు నిమిషాలు తెలుగులోనే సాగనివ్వండి.

“ఫోన్ల క్రెడిట్ అయిందనే వస్తది గద?”

“అది బ్యాంకోడు వాని పుస్తకంల రాసుకున్నదిరా, మన దుకాణం పుస్తకంల కాదు.”

ఈ మాట లెక్చరర్ నోట ఇంగ్లీషులో వస్తే ఇంత తొందరగా ఎక్కదు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి డిగ్రీలో ఇంగ్లీష్ మీడియంకి వచ్చిన వాళ్లకి ఆలోచన తెలుగులో, రాత ఇంగ్లీషులో ఉంటే చాలు.

ఇక్కడ సాధారణంగా జరిగే పొరపాటు, లెక్చరర్ ఆ నిశ్శబ్దాన్ని భరించలేక ఇరవై సెకన్లకే జవాబు చెప్పేయడం. గడియారం చూసుకోండి.

క్లాసు చివరి మూడు నిమిషాల్లో ఏ4 కాగితంలో పావు ముక్క ఇచ్చి ఒక్క ప్రశ్నకు జవాబు రాయించండి. పేరు వద్దు. ‘అర్థమైందా’ అని అడిగితే అరవై చీటీల మీదా ‘అర్థమైంది సార్’ అనే ఉంటుంది. ‘అమ్మిన డబ్బు చేతికొస్తే నగదు డెబిట్ ఎందుకు, ఒక వాక్యంలో రాయండి’ అని అడగాలి. చీటీలను సరైనవి, సగం సరైనవి, తప్పు అని మూడు కుప్పలు చేయడానికి పావుగంట చాలు.

తర్వాత వారాల్లో ప్రతి క్లాసు మొదట్లో పుస్తకం మూసి మూడు ప్రశ్నలు వేయండి. ఒకటి నిన్నటిది, ఒకటి పోయిన వారానిది, ఒకటి పోయిన నెలది. రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందుంటే, వారం తర్వాత మాత్రం చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు ముందున్నారు. ఈ మూడు ప్రశ్నలకు మార్కులు పెట్టొద్దు. పెట్టిన రోజు నుంచే కాపీ మొదలవుతుంది.

ఒకరి క్లాసుకి ఇంకొకరు

నాలుగో సమావేశానికి ముందు జంటలుగా ఒకరి క్లాసులో ఇంకొకరు ఇరవై నిమిషాలు కూర్చోండి. కాగితం మీద రెండే గడులు: టైము, అప్పుడు పిల్లలు ఏం చేస్తున్నారు. సార్ ఎలా చెప్పారన్నది రాయొద్దు. ‘10:20, వెనక మూడు బెంచీలు బోర్డు మీది ఎంట్రీ ఎక్కించుకుంటున్నారు, వివరణ ఎవరూ వినడం లేదు’ అన్నంత వివరంగా ఉండాలి. ఆ కాగితం ఆ ఇద్దరి దగ్గరే ఉండాలి, ప్రిన్సిపాల్‌కి గానీ అప్రైజల్ ఫైల్‌కి గానీ పోకూడదు. ఒక్కసారి పోయిందంటే తర్వాతి నుంచి ఎవరైనా వచ్చే రోజుకి ప్రత్యేకంగా తయారైన క్లాసే కనిపిస్తుంది.

కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ కోసం ఐక్యూఏసీకి (కాలేజీలోని నాణ్యతా విభాగానికి) ఒక్క పేజీ ఇస్తే సరిపోతుంది: ఏ తప్పు, ఏం మార్చాం, ముందు ఇరవై పేపర్లలో ఎన్ని, తర్వాత ఎన్ని.

చివరి సమావేశంలో అదే ప్రశ్నను అంకెలూ సందర్భమూ మార్చి రాయించిన కొత్త పేపర్లను మళ్లీ కుప్పలు పోయండి. అమ్మకం బదులు అద్దె వచ్చినట్టు ఇవ్వండి. తప్పు తగ్గకపోతే అంకె దాచొద్దు. చాలాసార్లు పాత తప్పు పోయి దాని పక్కది బయటపడుతుంది: నగదు సరిగ్గా డెబిట్ చేసి, అద్దెను కూడా డెబిట్ చేస్తారు, అద్దె అంటే ఖర్చే అనుకుని. వచ్చే సెమిస్టర్‌కి పట్టుకోవాల్సింది దాన్నే. ప్రశ్న, చీటీలు, ఆ ఒక్క పేజీ ఒక కవర్లో పెట్టి, మీద పాఠం పేరు రాసి డిపార్ట్‌మెంట్ బీరువాలో ఉంచండి. వచ్చే ఏడు ఆ పాఠానికి కొత్త గెస్ట్ ఫ్యాకల్టీ వస్తే సిలబస్ కాపీతో పాటు చేతికివ్వాల్సింది ఆ కవరే.