షీల్డ్‌లోంచి గీత కనబడాలంటే

మామిడికాయల సీజన్‌లో కాణిపాకం దారిలో ఒక ఇంటికి గేటు చేసినా. ప్రైమర్ కొట్టే ముందు ఇంటాయన వచ్చి, కింద పట్టీ మీద వేలు పెట్టి జరిపి, "ఏమన్నా, అతుకు పాము మాదిరి పోయింది?" అన్నాడు. నిజమే. రెండడుగుల జాయింటులో నాలుగంగుళాలు బీడ్ (రాడ్డు కరిగి పడే మెటల్ వరస) అంతా ఒక ముక్క మీదనే కూర్చుంది, రెండోదాన్ని తాకనే లేదు. చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఇరవై ఆరేండ్లుగా వెల్డింగే నా పని. గ్రిల్లులు, షెడ్లు, ట్రాక్టర్ ట్రాలీలు, చెరుకు గానుగల రిపేర్లు. అంత సిగ్గు ఎప్పుడూ పడలా.

మొదట రాడ్డును తిట్టినా, తరువాత మిషన్‌ను. ఆ తరువాత ముఖానికి అడ్డం పెట్టుకునే షీల్డ్‌లోని నల్ల గ్లాసు ముదురు ఎక్కువైందేమోనని 11 నంబర్ తీసేసి 9 పెట్టినా. వెలుగు పెరిగింది, కండ్లు లాగినాయి, రెండు ముక్కలు కలిసే గీత మాత్రం కనబడలా. కొత్తగా పనికి చేరే పిలకాయలు గుడక మొదట ఆ గ్లాసు మీదనే పడతారు. నేను ఏ వరసలో వెతికినానో ఆ వరసలోనే చెప్తా.

ముందు షీల్డ్‌లోంచి నల్ల గ్లాసు తీసేసి, తెల్ల గ్లాసు ఒక్కటే పెట్టుకుని పెండ్లి పత్రిక చదవండి. అక్షరాలు మసకగా ఉంటే సగం రోగం దొరికినట్టే. నల్లదానికి ముందర తెల్లది పెట్టేదే నిప్పురవ్వలు దానిమీద పడి అది పాడయ్యేదానికి. పదో ఇరవయ్యో రూపాయల వస్తువు, దాని దగ్గర పిసినారితనం వద్దు. మసిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి, ఆర్క్ (రాడ్డు కొన దగ్గర పుట్టే మంట) వెలుగుకు ఆ గీతలన్నీ సాలెగూడు మాదిరి మెరుస్తాయి. సబ్బునీళ్ళతో కడిగి మెత్తటి నూలుగుడ్డతో అద్దండి. రవ్వలు అంటుకుపోయుంటే గీకొద్దు, మార్చేయండి. ఆర్క్ పుట్టంగానే దానంతటదే నల్లబడే ఆటో హెల్మెట్ కొన్నోళ్ళు ఇంకోటి చూసుకోవాల: ముందర ప్లాస్టిక్ గ్లాసుకు రెండు పక్కలా పల్చటి కవరు అంటించి ఇస్తారు. మా దగ్గరుండే అబ్బోడు అది పీకకుండా వారం రోజులు పని చేసి, "అన్నా, ఈ కంపెనీది బాగలేదు" అన్నాడు.

ఇంక నంబర్లు. రాడ్డుకు నంబరు పెరిగితే సన్నం, గ్లాసుకు నంబరు పెరిగితే ముదురు. కొత్తోళ్ళు ఈడనే తికమక పడతారు. 12 నంబర్ రాడ్డు అంటే 2.5 మిల్లీమీటర్లు, 10 నంబర్ అంటే 3.15. ఈ రెండిటికీ, అంటే 130 ఆంప్స్ కరెంటు లోపల పనికి, 10 నంబర్ గ్లాసు సరిపోతుంది. 160 దాటితే 11, 12 కావాల. సిఓ2 వెల్డింగ్‌కు (రాడ్డుకు బదులు తీగ, గ్యాసుతో చేసేది) 160 లోపలైనా 11 మేలు, 10కి కిందికి దిగొద్దు. గ్లాసు ఒక్క నంబరు పెరిగితే లోపలికొచ్చే వెలుగు ఇంచుమించు మూడో వంతుకు పడిపోతుంది, అందుకే 9కీ 11కీ అంత తేడా. ముదురు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క నంబరే దిగండి, కరిగిన మెటల్ అంచు తేటగా కనబడిన చోట ఆగండి. మామూలు రాడ్డు వెల్డింగ్‌కు 60 ఆంప్స్ దాటినాక 8కి తక్కువ పెట్టనే కూడదు. గ్యాస్ కటింగ్ అద్దాలతో ఆర్క్ కొట్టేవాళ్ళను, ట్యాక్ (ముక్కలు నిలబెట్టే చిన్న అతుకు) కదా అని కండ్లు మూసుకుని కొట్టేవాళ్ళను చూసినా. కంటిరెప్ప నల్ల గ్లాసు కాదు.

మా అంగడి ముందర రోడ్డు వైపంతా తెరుపు. సాయంత్రం ఎండ నేరుగా నా వీపు మీద పడుతుంది. ఆ వెలుగు హెల్మెట్ వెనకనుంచి దూరి లోపలి గ్లాసుమీద పడితే అది అద్దం అవుతుంది. హెల్మెట్ పెట్టుకుని, ఆర్క్ కొట్టకుండా ఊరికే చూడండి. గ్లాసులో మీ ముక్కు మీకే కనబడిందంటే వెనకనుంచి వెలుగు వస్తా ఉందని అర్థం. పనిని తిప్పుకుని ఎండకు ఎదురుగా కూర్చోండి. కుదరకుంటే తలమీదనుంచి మెడ వెనక్కి నూలు టవలు వేలాడేయండి. నైలాన్‌ది వద్దు, రవ్వ పడితే ఒంటికి అంటుకుంటుంది. తెల్లచొక్కా గుడక వెలుగును పైకి కొడుతుంది. నేను ముదురు నీలం చొక్కాలే కుట్టించుకుంటా.

వెనక వెలుగు ఎంత చెరుపో, జాయింటు మీద వెలుగు అంత మేలు. ఒక ఎల్‌ఈడీ ఫ్లడ్ లైట్ పక్కనుంచి అతుకుమీదికే కొట్టేటట్టు పెట్టుకుంటే, ఆర్క్ పుట్టకముందే రాడ్డు కొన యాడ పెట్టాల్నో తెలుస్తుంది. సుద్దముక్క గీత వేడికి మాయమైపోతుంది. నేను గీత పక్కన అరంగుళానికొక సెంటర్ పంచ్ చుక్క కొడతా, ఆర్క్ వెలుగుకు చుక్కలో నీడ పడి బాగా కనబడుతుంది. జాయింటుకు రెండు పక్కలా గ్రైండర్ పట్టి తళతళలాడించండి. జీఐ పైపు అయితే జింకు పూత గీకకుంటే తెల్లపొగ కమ్మి ఏమీ కనబడదు, పైగా రాత్రికి చలిజ్వరం.

చూపు యాడ పెట్టాల అనేదే అసలు విద్య. ఆర్క్‌ను చూడొద్దు. దీపం వెలిగించుకుని వత్తినే చూస్తా కూర్చుంటే పుస్తకంలో అక్షరం కనబడుతుందా? ఆర్క్ కింద కరిగి నీళ్ళ మాదిరి తిరిగే మెటల్‌ను, దాని ముందంచును చూడాల. ఆ అంచు రెండు ముక్కలనూ కలిపి తింటా ఉందా లేదా అనేదే లెక్క. దాని వెనక నింపాదిగా మసగ్గా వచ్చేది స్లాగ్, అంటే మెటల్ మీద తేలే పెంకు. అది మెటల్‌ను దాటి ముందుకొస్తే ఏ గ్లాసు పెట్టినా గీత కనబడదు: ఆంప్స్ రొంత పెంచండి, లేదా రాడ్డును పోయే దిక్కుకు ఇంకాస్త వాల్చి లాగండి. తలకాయ నేరుగా పైన పెడితే పొగా ముఖానికే, రాడ్డు హోల్డర్ పట్టుకున్న చెయ్యీ అడ్డమే. పక్కకు కూర్చుని, అతుకు పొడుగునా చూడండి. మొదలుపెట్టే ముందు ఆర్క్ లేకుండా ఒకసారి చెయ్యి చివరిదాకా పోనిచ్చి, మధ్యలో యాడ చూపు తప్పుతుందో తెలుసుకోండి.

ఇవన్నీ సరిచేసినా నా గీత పూర్తిగా తేలలా. ఒక రాత్రి కరెంటు బిల్లు చేతికిస్తే చెయ్యి చాచి చదువుతున్నా. మా ఆవిడ, "మీ నాయన మాదిరే చదువుతున్నావే" అనింది. చత్వారం! నాకు నలభై ఏడు. మనిషి ముఖం, రోడ్డుమీద బస్సు బోర్డు తేటగా కనబడతాయి కాబట్టి అనుమానమే రాలా.

కండ్ల పరీక్ష చేయించుకుని, కంటినుంచి రాడ్డు కొనకు ఎంత దూరమో టేపు పెట్టి కొలిచి, ఆ కొలత డాక్టరుకు చెప్పండి. దూరపు చూపు బాగుండేవాళ్ళకు లెక్క సులభం: ప్లస్ 2 అద్దం అరమీటరు దూరాన్ని తేటగా చూపిస్తుంది, ప్లస్ 2.5 అయితే నలభై సెంటీమీటర్లను. రెండు పవర్లుండే కండ్లద్దాలు ఈ పనికి చేటు, దగ్గరి పవరు కింద ఉండేసరికి గడ్డం ఎత్తుకుని మెడ నొప్పి తెచ్చుకోవాల. ఒకే పవరు అద్దాలు చేయించుకోండి. హెల్మెట్‌కు లోపల గాడి ఉంటే, నల్ల గ్లాసు వెనక బిగించే పవరు పలక గుడక దొరుకుతుంది.

కండ్లద్దాలొచ్చినాక ఆటో హెల్మెట్ కొన్నా. దాంట్లో నల్లబడే పలకమీద 4/9-13 అని ఉంటే ఊరికే ఉన్నప్పుడు 4, ఆర్క్‌కు 9 నుంచి 13 దాకా అని అర్థం. ఎండలో పని చేస్తే సెన్సిటివిటీ తగ్గించాల, లేకుంటే పొద్దును చూసే నల్లబడుతుంది. గేటు మూలల్లో పైపు అడ్డమొచ్చి, ఆర్క్ వెలుగును పసిగట్టే సెన్సర్లు మూతపడితే అసలు నల్లబడనే నల్లబడదు. రెండు సెన్సర్లకన్నా నాలుగుండేది అందుకే కొనమంటా.

అందులో గ్రైండింగ్ మోడ్ అని ఒకటుంది. దాంట్లో ఆర్క్ కొట్టినా పలక నల్లబడదు. రెండోవారంలోనే అట్ల మరిచి నాలుగు ట్యాక్‌లు కొట్టేసినా. మంచి పలక తెల్లగా ఉన్నప్పుడు గుడక అల్ట్రావయొలెట్‌ను ఆపుతుంది కాబట్టి కండ్లు జిగేల్మనడంతో పోయింది. ఉత్త కండ్లతో చూసుంటే ఆరేడు గంటలు తిరిగేసరికి కండ్లల్లో ఇసుక పోసినట్టు ఉండేది, ఒకటి రెండు రోజులు పని బంద్. అట్ల అయినప్పుడు ఉర్లగడ్డ ముక్కలు, చనుబాలు పెట్టొద్దు. తడిగుడ్డ వేసుకుని కంటి డాక్టరు దగ్గరికి పోండి. నొప్పి తెలీకుండా చేసే చుక్కలు సొంతంగా కొని వేసుకుంటే కంటిమీది పుండు మానడం ఆలస్యమవుతుంది.

ఆ రోజే గ్రైండింగ్ బటన్ పక్కన ఎర్ర టేపు అంటించినా. కాణిపాకం గేటు పట్టీ మాత్రం కోసి, కొత్తది వేసి ఇచ్చినా. కూలి అడగలా.