శనివారం ఆట, ఆదివారం ర్యాంకు, సోమవారం వాదన: అమెరికాకు కొత్తగా వచ్చినవారికి కాలేజీ ఫుట్‌బాల్

ఆగస్టులో ఏదో ఒక యూనివర్సిటీ ఊళ్లో దిగుతారు. నెల తిరక్కుండానే ఓ శనివారం పొద్దున ఊరంతా ఒకే రంగు టీషర్టుల్లో కనిపిస్తుంది. సోమవారం ల్యాబులోనో ఆఫీసులోనో ఎవరో ఒకరు "మనవాళ్లకి ఇచ్చిన ర్యాంకు చూశావా, ఎంత అన్యాయమో!" అని మిమ్మల్నే అడుగుతారు. నవ్వి ఊరుకున్నా నడుస్తుంది. కాస్త తెలుసుకుంటే మాత్రం జనవరి దాకా ఎవరితోనైనా మాట కలపడానికి వస్తువు దొరికినట్టే.

ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. ఇది సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్. జట్టుకి 11 మంది. బంతి దక్కిన జట్టుకి నాలుగు ప్రయత్నాలుంటాయి. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకెళ్తే మళ్లీ నాలుగు ఇస్తారు. బంతిని అవతలి చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, దానికి 6 పాయింట్లు, ఆ వెంటనే బంతిని కర్రల మధ్య నుంచి తంతే ఇంకో 1, టచ్‌డౌన్ లేకుండా అలా తంతే ఫీల్డ్ గోల్, దానికి 3. గడియారం లెక్కన ఆట 60 నిమిషాలే అయినా మీరు కూర్చునేది మూడున్నర గంటలు. ర్యాంకుల మీద వాదించడానికి ఇంతకన్నా అక్కర్లేదు.

అసలు చిక్కంతా ఇక్కడ పాయింట్ల పట్టిక లేకపోవడంలో ఉంది. ఐపీఎల్‌లో పది జట్లు తలా 14 మ్యాచ్‌లు ఆడతాయి, పాయింట్లు సమానమైతే నెట్ రన్ రేట్ చూస్తారు, పై నాలుగు జట్లు ముందుకెళ్తాయి. అక్కడ ఎవరి ఓటుతోనూ పని లేదు. కాలేజీ ఫుట్‌బాల్ పై డివిజన్‌లో 2025లో 136 జట్లున్నాయి. రెగ్యులర్ సీజన్లో ఒక్కో జట్టు ఆడేది 12 మ్యాచ్‌లే, అందులోనూ ఎక్కువ భాగం తన కాన్ఫరెన్స్‌లోని, అంటే తన గుంపులోని, జట్లతోనే. పెద్ద కాన్ఫరెన్స్‌లు నాలుగు: ఎస్‌ఈసీ, బిగ్ టెన్, బిగ్ 12, ఏసీసీ. అంటే పోల్చాల్సిన రెండు జట్లు చాలాసార్లు ఒకదాని ముఖం ఒకటి చూసి కూడా ఉండవు. అందుకే మనుషులు కూర్చుని ఓటు వేయాల్సి వస్తుంది. ఓటు వచ్చిందంటే గొడవ వెంటే వస్తుంది.

కొత్తవాళ్లు ముందు తడబడేది ఏ ర్యాంకు దేనిదో తెలియక. ఆదివారం మధ్యాహ్నం వచ్చేది ఏపీ పోల్. మన ఏపీ కాదు, అసోసియేటెడ్ ప్రెస్. 1936 నుంచీ ఉంది. అరవైమందికి పైగా క్రీడా విలేకరులు తలా 25 జట్లు రాసిస్తారు. మొదటి స్థానానికి 25 పాయింట్లు, రెండోదానికి 24, అలా 25వ దానికి 1. అన్నీ కూడితే జాబితా తయారు. ఈ పోల్ ఇప్పుడు ఎవరినీ ప్లేఆఫ్‌కి, అంటే చాంపియన్‌ని తేల్చే నాకౌట్ మ్యాచ్‌లకి, పంపదు. పైగా దీని మొదటి జాబితా ఒక్క మ్యాచ్ కూడా జరగకముందే ఆగస్టులో వచ్చేస్తుంది. అప్పుడు పైన పెట్టిన జట్టు ఓడినా మెల్లగా దిగుతుంది, కింద మొదలైన జట్టు వరసగా గెలిచినా మెల్లగా ఎక్కుతుంది. పాత పరపతి మీద అప్పు పుట్టినట్టే.

అసలు నిర్ణయం కాలేజీ ఫుట్‌బాల్ ప్లేఆఫ్ కమిటీది. 13 మంది సభ్యులు. సమావేశమయ్యేది డాలస్ విమానాశ్రయం పక్కనున్న గ్రేప్‌వైన్‌లోని ఒక హోటల్లో. మనవాళ్లు బోలెడుమంది ఉండే కొప్పెల్‌కి అది పక్క ఊరే. నవంబరు మొదట్లో తొలి జాబితా ఇచ్చి, ఆపైన ప్రతి మంగళవారం రాత్రి కొత్తది ఇస్తారు. అప్పటిదాకా టీవీలో జట్టు పేరు పక్కన కనిపించే అంకె ఏపీది, ఆ తర్వాత కమిటీది. నవంబరులో ఏపీ అంకె పట్టుకుని వాదనకి దిగితే మీరు కొత్తవారని అవతలివాళ్లు ఇట్టే పట్టేస్తారు.

ఓటు వేసే తీరు తెలిస్తే సగం ఆరోపణలు ఎందుకొస్తాయో తెలుస్తుంది. ముందు ప్రతి సభ్యుడూ వరస లేకుండా 30 జట్లు రాస్తాడు. తర్వాత అందులో తనకు అన్నిటికన్నా గట్టివి అనిపించిన ఆరింటిని ఎంచుతాడు. ఎక్కువమంది ఎంచిన ఆరు జట్లు బల్ల మీదికి వస్తాయి. చర్చ అయ్యాక రహస్యంగా ఆ ఆరింటికీ 1 నుంచి 6 దాకా అంకెలు వేస్తారు. మొత్తం తక్కువ వచ్చిన మూడు జట్లు జాబితాలోకి ఎక్కుతాయి. మిగిలిన మూడింటికి కొత్తగా మూడు కలిపి మళ్లీ అదే పని, తొమ్మిది ఎక్కాక ఇదే తీరులో నాలుగేసి చొప్పున, 25 నిండేదాకా. సభ్యుడికి ఏదైనా విశ్వవిద్యాలయంతో ఉద్యోగ సంబంధం ఉంటే, ఆ జట్టు మీద చర్చ జరిగేటప్పుడు బయటికి వెళ్లిపోవాలి. చూడాల్సిన అంశాలు కూడా రాసిపెట్టి ఉన్నాయి: కాన్ఫరెన్స్ టైటిల్, ప్రత్యర్థుల బలం, ఆ రెండు జట్లూ ఆడుకుని ఉంటే దాని ఫలితం, ఉమ్మడి ప్రత్యర్థులు, ముఖ్యమైన ఆటగాడి గాయం వంటివి. దేనికి ఎంత బరువో మాత్రం ఎక్కడా లేదు. పేచీ అంతా అక్కడే.

వాదనలో ఎవరైనా "మా జట్టే ఉండాల్సింది" అంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "ఇవాళ ఆడితే గెలిచే జట్టనా, సీజన్ అంతా గెలిచి అర్హత సంపాదించిన జట్టనా?" ఇవి రెండు వేరు ప్రశ్నలు. కమిటీ ఒకసారి మొదటిదానికి, ఇంకోసారి రెండోదానికి జవాబిస్తున్నట్టు కనిపిస్తుంది.

2023 చూడండి. అప్పుడు ప్లేఆఫ్‌లో నాలుగు జట్లే. ఫ్లోరిడా స్టేట్ 13 ఆడి 13 గెలిచింది, ఏసీసీ టైటిల్ కూడా కొట్టింది. కానీ నవంబరులో క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడి నడిపే ఆటగాడు) జోర్డన్ ట్రావిస్ కాలు విరిగింది. అతను లేకుండా ఇది ఆ జట్టు కాదంటూ కమిటీ ఐదో స్థానంలో పెట్టి బయట ఉంచింది. నాలుగో స్థానం ఒక మ్యాచ్ ఓడిన అలబామాకి పోయింది. అలబామాని సెప్టెంబరులో 34-24తో ఓడించిన టెక్సస్‌కి మూడోది. తర్వాత ఆరెంజ్ బౌల్‌లో (సీజన్ చివర విడిగా ఆడే పెద్ద మ్యాచ్‌లని బౌల్ అంటారు) జార్జియా 63-3తో ఫ్లోరిడా స్టేట్‌ని చిత్తు చేసింది, "చూశారా, కమిటీ కరెక్టే" అన్నారు చాలామంది. ఈ మాట ఆ జట్టు అభిమాని ముందు అనకండి. ప్లేఆఫ్ చేజారాక ప్రధాన ఆటగాళ్లు చాలామంది ఆ మ్యాచ్ ఆడలేదు, కాబట్టి అది రుజువు కిందికి రాదు. మా మట్టుకు మాకు 13 గెలిచిన జట్టుని గాయం పేరుతో ఆపడం సబబుగా తోచదు. గెలుపులకి విలువ లేనప్పుడు సీజన్ ఆడించడం దేనికి?

చిన్న కాన్ఫరెన్స్‌ల గోడు ఇంకా పాతది. 2017లో సెంట్రల్ ఫ్లోరిడా ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. పీచ్ బౌల్‌లో ఆబర్న్‌ని 34-27తో ఓడించింది. ఆ ఏడాది ఫైనల్ ఆడిన అలబామా, జార్జియా రెండూ రెగ్యులర్ సీజన్లో ఆబర్న్ చేతిలో ఓడినవే. అయినా బౌల్ మ్యాచ్‌లకి ముందు కమిటీ సెంట్రల్ ఫ్లోరిడాకి ఇచ్చింది 12వ స్థానం. ఆ విశ్వవిద్యాలయం తనే జాతీయ చాంపియన్ అని ప్రకటించుకుంది.

2024 నుంచి 12 జట్లయ్యాయి. గొడవ తగ్గలేదు, నాలుగైదు స్థానాల దగ్గరున్నది పది పదకొండుకి జరిగింది. 2024, 2025లలో కాన్ఫరెన్స్ చాంపియన్లలో ర్యాంకు ప్రకారం పై ఐదింటికి చోటు ఖాయంగా ఉండేది, మిగతా ఏడూ ర్యాంకుని బట్టి. 2024లో మొదటి రౌండు మినహాయింపు చాంపియన్లకే ఇచ్చారు. దాంతో తొమ్మిదో ర్యాంకు బోయిసీ స్టేట్‌కి మూడో సీడ్, 12వ ర్యాంకు అరిజోనా స్టేట్‌కి నాలుగో సీడ్ దక్కాయి. మినహాయింపు పొందిన నాలుగు జట్లూ క్వార్టర్ ఫైనల్లోనే ఓడాయి. మరుసటి ఏడాది నుంచి పై నాలుగు ర్యాంకులకే మినహాయింపు.

2025లో జరిగింది వింటే లెక్క బాగా బుర్రకెక్కుతుంది. మయామి, నోటర్‌డేమ్ రెండూ 10 గెలిచి 2 ఓడాయి. ఆగస్టు 31న మయామి 27-24తో నోటర్‌డేమ్‌ని ఓడించింది. అయినా చివరి వారానికి ముందు నోటర్‌డేమ్ పది, బ్రిగమ్ యంగ్ పదకొండు, మయామి పన్నెండు. ఆ వారాంతం నోటర్‌డేమ్, మయామి ఆడనే లేదు. బ్రిగమ్ యంగ్ ఓడి కిందికి జారింది, ఈ రెండూ పక్కపక్కకి వచ్చాయి, అప్పుడు కమిటీ వాటి మధ్య జరిగిన మ్యాచ్‌ని లెక్కలోకి తీసుకుంది. మయామి పది, నోటర్‌డేమ్ పదకొండు అయ్యాయి. ఆఖరి రెండు చోట్లూ చాంపియన్లయిన టులేన్, జేమ్స్ మాడిసన్‌లకి వెళ్లడంతో పదకొండో ర్యాంకు బయటే. మయామి ఫైనల్ దాకా వెళ్లి ఇండియానా చేతిలో ఓడింది. చివరి నిర్ణయం సరైనదే. తప్పల్లా ఆ మ్యాచ్‌ని తొలి జాబితా నాడే లెక్కపెట్టకపోవడంలో ఉంది. ప్రతి మంగళవారం టీవీకి ఒక జాబితా ఇవ్వాలన్న తాపత్రయం లేకపోతే ఇంత రభస ఉండేది కాదేమో.

ఇక మీ శనివారాల సంగతి. చాలా మ్యాచ్‌ల వేళ 12 రోజుల ముందు, ఒక్కోసారి 6 రోజుల ముందే తేలుతుంది. మధ్యాహ్నం 12, మూడున్నర, రాత్రి ఏడు ప్రాంతంలో ఏదైనా కావచ్చు. కాబట్టి సొంత ఊళ్లో మ్యాచ్ ఉన్న శనివారం గృహప్రవేశమో, పుట్టినరోజో పెట్టుకుంటే అతిథులు ట్రాఫిక్‌లోనే ఉంటారు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తుంటే ఆ వారాంతం హోటల్ రేట్లు ముందే చూసుకోండి. క్యాంపస్‌లో మీరు రోజూ కారు పెట్టే చోటు ఆ రోజుకి అభిమానులకి కేటాయించి ఉండొచ్చు, శుక్రవారం రాత్రే బండి తీసేయండి. స్టేడియంలోకి చాలాచోట్ల 12 అంగుళాల పొడవు, 12 ఎత్తు, 6 వెడల్పు మించని పారదర్శకమైన సంచీనే రానిస్తారు. లాప్‌టాప్ బ్యాగు భుజాన వేసుకుని వెళ్తే గేటు నుంచే వెనక్కి రావాలి. ప్రత్యర్థి జట్టు రంగేదో కనుక్కోకుండా చొక్కా వేసుకోకండి.

తుది జాబితా డిసెంబరు మొదట్లో ఓ ఆదివారం మధ్యాహ్నం వస్తుంది. ఈస్టర్న్ టైమ్ 12 గంటలంటే ఇండియాలో రాత్రి పదిన్నర. మీ ల్యాబ్ సీనియర్ జట్టు పదకొండో ర్యాంకులో ఆగిపోతే, ఆయన సంతకం కావాల్సిన కాగితమేదైనా ఉంటే మంగళవారం పట్టుకెళ్లండి.